పళ్ళు వచ్చే రాత్రులు

రాజురాలో వైశాఖమాసపు రాత్రి ఎటువంటిదో ఇక్కడివారికి వర్ణించి చెప్పనక్కరలేదు. వార్ధా నది మీదుగా వచ్చే గాలికూడ పొయ్యి నోటినుంచి వచ్చినట్టే ఉంటుంది. పోయిన వేసవిలో అటువంటి ఒక రాత్రి కరెంటు పోయి, ఇంటిల్లిపాదీ వాకిట్లో మంచాలు వేసుకొని పడుకోబోతూండగా మా మనుమడు ఏడుపు లంకించుకున్నాడు. వాడికి అప్పుడు ఏడో నెల నడుస్తున్నది. వేసవికని మా అమ్మాయి వాణ్ణి తీసుకొని పుట్టింటికి వచ్చి వారం రోజులైనది. సాయంత్రంనుంచే పిడికిలి నోట్లో పెట్టుకొని నములుతూ, చొంగతో చొక్కా అంతా తడుపుకొంటూ ఉన్నాడు. పాలు పట్టబోతే రెండు గుక్కలు తాగి తల విసిరేస్తున్నాడు.

మా అమ్మ చేతులు కడుక్కొని వచ్చి, వాడి కింది చిగుళ్ళు తడిమి చూచి, "పండ్లు బిడ్డా, కింది పండ్లు. ముల్లు లెక్క తగుల్తున్నది" అన్నది.

రోగం ఏమిటో తెలిసిన తరువాత వైద్యులకు కొదవ ఏమున్నది? అమ్మ లేచి పోపులపెట్టెలోంచి జాజికాయ తీసింది. "జర్రంత సానరాయి మీద తీసి నాకిపియ్యి, పొద్దుగాల దాంక లేవడు" అన్నది. ఏడుపు విని గోడ అవతలి మరాఠీ ఆజీ తమ బాళగుటీ డబ్బీ పట్టుకొని వచ్చింది. మా ఇంటావిడకు చలికాలంలో వాడికి జలుబు చేసినప్పుడు తెచ్చిన సిరప్పు జ్ఞాపకం వచ్చింది. అది పోసిన రాత్రులు వాడు కదలకుండా పడుకున్నాడట. ఇక మేము మాత్రం తక్కువ తిన్నామా? ఆ సాయంత్రమే మందుల షాపులో అడిగి, చిగుళ్ళకు పూసే జెల్ ట్యూబు ఒకటి తెచ్చి జేబులో పెట్టుకొనే ఉన్నాము.

నాలుగు మందులూ స్టూలు మీద వరుసగా కూర్చున్నవి. అప్పుడు మా అమ్మాయి బిడ్డను భుజాన వేసుకొని తిరుగుతూ ఒక మాట అడిగింది. "బాపూ, గివి వాని పంటినొప్పికా, మన నిద్రకా?"

మాకు జవాబు తోచలేదు. ఆఫీసులో కాగితం అడుగున ఉండే చిన్న అక్షరాలు చదవటమే మా బ్రతుకు గనుక, టార్చిలైటు వెలుతురులో ముందు ఆ జెల్ అట్టపెట్టె చదివినాము. తరువాత జలుబు సిరప్పు సీసా చదివినాము. చదివి రెండూ లోపల పెట్టివేసినాము. ఆ రాత్రి ఏమి చేసినామో తరువాత చెప్పుతాము. ముందు ఆ స్టూలు మీది సరుకు సంగతి చెప్పవలె. ఎందుకంటే ఇది మా ఒక్క ఇంటి స్టూలు కాదు.

రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలోనిది. ఆ సంవత్సరం రాష్ట్రాలు విడదీసి కలిపినప్పుడు నాందేడు జిల్లాలోకి, 1959లో చాందా జిల్లాలోకి పోయినది. ఆ చాందాయే నేటి చంద్రపూరు. గీతలు ఇటూ అటూ జరిగినవి గాని వంటిళ్ళు జరగలేదు. అందువల్ల మన ఇళ్ళల్లో తెలుగు సానరాయీ ఉన్నది, మరాఠీ సహాణా ఉన్నది. వస, కరక్కాయ, జాజికాయ, పసుపుకొమ్ము, ఖర్జూరం ఒక్కొక్కటి రెండు మూడు చుట్లు అరగదీసి నాకించటం రెండువైపులా ఉన్న ఆచారమే. పెద్దలు దీనిని ప్రేమతోనే చేసినారు. వారి చేతిలో అంతకంటె ఏమీ లేదు కూడ.

అయితే జాజికాయ చిగురు నొప్పిని తగ్గించదు, బిడ్డను మత్తులో పెడుతుంది. జాజికాయలో మిరిస్టిసిన్ అనే పదార్థం ఉన్నది. మోతాదు మించితే పెద్దవారికే గుండె దడ, భ్రమలు పుట్టిస్తుంది. సానరాయి మీద 'జర్రంత' అంటే ఎంత? ఒక కాయ ఇంకొక కాయవంటిది కాదు, ఒక చెయ్యి ఇంకొక చెయ్యివంటిది కాదు. ఏడు కిలోల బిడ్డకు ఎంత ఎక్కువైతే ప్రమాదమో కొలిచే కొలత ఏ అవ్వ దగ్గరా లేదు. వస సంగతీ అంతే. వాంతులు తెప్పించే గుణం దానికున్నది. అమెరికాలో 1968లోనే దానిని ఆహార పదార్థాలలో కలపరాదని నిషేధించినారు. సానరాయి తడి, పట్టే నీళ్ళు శుభ్రంగా లేకపోతే మందుతోపాటు విరేచనాలుకూడ పోసినట్టే. ఆజీకి మాత్రం ఆ రాత్రి మేము ఇదంతా చెప్పలేదు. చాయి పెట్టించి, డబ్బీ అక్కడే ఉంచుకొని మర్నాడు పంపించినాము.

బిడ్డ ఏడుపు మాన్పటానికి మత్తు పెట్టటం మన అవ్వలు కనిపెట్టినది కాదు. ఒకప్పుడు బొంబాయి నూలు మిల్లులలో పనిచేసే తల్లులు పసిబిడ్డకు బాళగోళీ అనే నల్లమందు మాత్ర వేసి పనికి పోయేవారు. కరీంనగరు, నల్లగొండ ప్రాంతాలనుంచి వలసపోయిన మన నేతపనివారు అనేకులు ఆ మిల్లుపేటలలోనే కాపురముండినారు. 1931లో రాయల్ కమీషన్ ఆన్ లేబర్ వారు ఇచ్చిన నివేదికలోకూడ ఈ నల్లమందు ప్రస్తావన ఉన్నది. ఆ తల్లులను నిందించటానికి మాకు నోరు రాదు. సైరను మోగితే పని గేటు దగ్గర ఉండవలె, బిడ్డను చూచే మనిషి లేదు. కాని ఆ మాత్ర తిన్న బిడ్డ ఆకలికికూడ లేవడు. మా అమ్మ నోట "పొద్దుగాల దాంక లేవడు" అన్న మాట వచ్చినప్పుడు మా గుండె ఎందుకు ఝల్లుమన్నదో అందుకే.

దొరల దేశాలలో చదువుకున్న తల్లులు ఇంతకంటె భాగ్యవంతులేమీ కారు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బ్యాంగర్ పట్టణంనుంచి 1849లో 'మిసెస్ విన్స్‌లోస్ సూదింగ్ సిరప్' అని ఒక తియ్యని మందు బయలుదేరినది. పళ్ళు వచ్చే పిల్లలకు అమృతమని ప్రకటనలు. పోసిన కొంతసేపటికి బిడ్డ నిద్రపోయేది. అందులో ఉన్నది మార్ఫిన్, అనగా నల్లమందు సారమే. లేబిలు మీద ఇటువంటి పదార్థాల పేర్లు వ్రాయవలెనని 1906లో చట్టం వచ్చేవరకు తల్లులకు ఆ సంగతే తెలియదు. 1911లో అక్కడి వైద్య సంఘం ఆ మందును శిశుహంతకుల జాబితాలో చేర్చినది. ఇంగ్లాండులో ఇంకొక తమాషా. పళ్ళపొడి అని పిల్లలకు నాకించే చూర్ణాలలో కలోమెల్ అనే పాదరసపు ఉప్పు కలిపేవారు. ఆ పిల్లలలో కొందరికి చేతులు, కాళ్ళు గులాబి రంగుకు తిరిగి, చర్మం ఊడి, పగలు రాత్రి ఏడ్చే ఒక వింత వ్యాధి వచ్చేది. పాదరసమే దానికి కారణమని 1948లో అమెరికాలో ఇద్దరు వైద్యులు చెప్పినారు. 1954లో ఆ పొళ్ళనుంచి పాదరసం తీసివేసినారు. క్రమంగా ఆ వ్యాధే కనుమరుగైనది.

ఇదంతా పాతకథ అనుకొంటారేమో. 2008లో నైజీరియా దేశంలో పళ్ళనొప్పికని అమ్మిన 'మై పికిన్' అనే పిల్లల సిరప్పులో డైఎథిలిన్ గ్లైకాల్ అనే విషం కలిసి, ఎనభైమందికి పైగా పసిపిల్లలు మూత్రపిండాలు చెడి మరణించినారు. మన ఇంటికి ఇంకా దగ్గరగా 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో ఒక దగ్గుమందు త్రాగిన పిల్లలు ఇరవైమందికి పైగా అదే విషానికి బలి అయినారు. వారిలో అనేకులను వైద్యానికి తెచ్చినది మన నాగపూరుకే. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖవారు రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్పులు వ్రాయరాదు, ఇయ్యరాదు అని మరల హెచ్చరించినారు. అంతకు ముందు 2023 డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబుమందులు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద ముద్రించవలెనని కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఉత్తరువు ఇచ్చినారు. మా ఇంటి సీసా మీద మేము టార్చి వేసి చదివినది ఆ వాక్యమే. చలికాలమంతా అది మా అలమరలోనే ఉన్నది, ఒక్కరమూ చదవలేదు. అందులోని క్లోర్‌ఫెనిరమిన్‌కు మత్తు గుణం ఉన్నది. అందుకే వాడు కదలకుండా పడుకున్నాడు!

ఇక మేము తెచ్చిన జెల్. అది పెద్దల నోటిపూతకు పూసే మందు, అందులో ఉన్నది సాలిసిలేటు. అంటే ఆస్పిరిన్ జాతిది. ఇంగ్లాండులో 2009నుంచి అటువంటి జెల్ పదహారేళ్ళలోపువారికి వాడరాదన్నారు. చిగుళ్ళను తిమ్మిరి ఎక్కించే బెంజొకేన్ జెల్స్ ఇంకొక రకం. అవి కొందరు పిల్లలలో రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తవి, పెదవులు, గోళ్ళు నీలివర్ణానికి తిరుగుతవి. 2018లో అమెరికా ఔషధశాఖ రెండేళ్ళలోపు పిల్లలకు వాటిని అమ్మవద్దన్నది. లిగ్నొకేన్ జెల్‌తో మూర్ఛలు వచ్చిన ఉదంతాలున్నవి. ఇంత ప్రమాదమూ పడి ఫలమేమైనా ఉన్నదా అంటే, చొంగ ధారగా కారే నోట్లో ఏ జెల్ నిలుస్తుంది? రెండు నిమిషాలలో కడుపులోకి పోతుంది. పళ్ళు సులువుగా వస్తవని అమ్మే తియ్యని చిన్న మాత్రలను కూడ నమ్మలేము. అమెరికాలో అటువంటి కొన్నింటిని 2017లో పరీక్షిస్తే, ఉమ్మెత్త కుటుంబానికి చెందిన బెల్లడొనా ఒక మాత్రలో ఒక విధంగా, ఇంకొక మాత్రలో ఇంకొక విధంగా తేలినది. లవంగనూనె చుక్క, బ్రాందీ చుక్క, తేనె వేలు – ఈ మూడు కూడ వద్దు. లవంగనూనె లోపలికి పోయి పిల్లల కాలేయం దెబ్బతిన్న సందర్భాలున్నవి. తేనె ఏడాది నిండేవరకు అసలే పనికిరాదు. అందులో ఉండగల బొట్యులిజం బీజాలను పసికడుపు తట్టుకోలేదు.

మరి చేయవలసినది ఏమిటి? చేయవలసినది చాల కొంచెం, అందువల్లనే ఎవరికీ నమ్మకం కుదరదు.

ముందు ఒక సంగతి తెలిస్తే సగం భయం పోతుంది. బ్రెజిల్ దేశంలో వైద్యులు 47 మంది పసిపిల్లలను ఎనిమిది నెలలపాటు ప్రతిదినం ఇంటికి వెళ్ళి చూచి, 2011లో తమ ఫలితాలు ప్రకటించినారు. చొంగ, చిరాకు, నిద్ర సరిగా పట్టకపోవటం, ఆకలి తగ్గటం, ఒళ్ళు కాస్త వెచ్చబడటం – ఇవన్నీ ముఖ్యంగా పన్ను పైకి వచ్చిన రోజున, దాని మర్నాడు కనిపించినవి. అసలు జ్వరం కనిపించలేదు. అంటే ఒక్కొక్క పన్నుకు గట్టిగా బాధపెట్టే రాత్రులు ఒకటి రెండే. మొత్తం పాలపళ్ళు ఇరవై. సాధారణంగా ఆరో నెల ప్రాంతాన కింది ముందుపళ్ళతో మొదలై, రెండున్నర మూడేళ్ళకు పూర్తి అవుతవి. నాలుగో నెలలో వచ్చినా, ఏడాదికి వచ్చినా తొందరపడనక్కరలేదు. రాత్రిపూట బాధ హెచ్చినట్టు కనిపించటానికి కారణం కూడ పెద్దదేమీ కాదు. పగలు వాడి దృష్టి కాకిమీదకో, గిన్నెమీదకో మళ్ళుతుంది. చీకట్లో వాడికి తన చిగురు తప్ప వేరే లోకం లేదు.

ఆ రాత్రి మేము చేసినది ఇది. మా ఇంటావిడ గోరు కత్తిరించుకొని, సబ్బుతో చేయి కడుక్కొని, వేలికొనతో వాడి కింది చిగుళ్ళమీద మెల్లగా అదుముతూ రుద్దింది. లోపలినుంచి పన్ను తోస్తూంటే బయటినుంచి ఆ అదుము హాయిగా ఉంటుంది. వాడు ముందు వేలు కొరికినాడు, తరువాత ఏడుపు ఆపి వేలినే చీకినాడు. ఫ్రిజ్ చల్లదనం కరెంటుతోపాటే పోయినది. అందుచేత పాత ధోవతి ముక్క ఒకటి మరిగే నీళ్ళలో వేసి తీసి, కాచి చల్లార్చిన నీళ్ళతో తడిపి, మూతగల గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను రంజన్ నీళ్ళలో తేలవేసినాము. పావుగంటకు గుడ్డ చల్లబడినది. దాని కొన ముడివేసి, రెండో కొన అమ్మాయి పట్టుకొని, వాణ్ణి ఒళ్ళో నిక్కి కూర్చోబెట్టి నమలనిచ్చింది. ఫ్రిజ్ ఉన్నవారు అందులో చల్లబరచిన రబ్బరు పళ్ళరింగు ఇయ్యవచ్చు. మంచుగడ్డ కట్టే అరలో మాత్రం పెట్టరాదు. రాయివలె గట్టిపడినది చిగుళ్ళను గాయపరుస్తుంది. లోపల నీళ్ళు నిండిన రింగులు పగిలితే ఆ నీరు నోట్లోకి పోతుంది గనుక గట్టి రబ్బరువే మేలు.

చొంగ తుడిచి, గడ్డం కింద కొబ్బరినూనె పలచగా రాస్తే చర్మం ఎర్రబడి మండదు. ఇది చిన్న విషయమే గాని, మా వాడి ఏడుపులో సగం ఆ మంటే అని మాకు అనుమానం. తల్లిపాలు అడిగినన్నిమార్లు ఇవ్వవచ్చు. తాగుతూ మానివేస్తే కోపగించుకోరాదు, పీల్చినప్పుడు చిగుళ్ళకు రక్తం ఎక్కి సలుపుతుంది. చల్లని గుడ్డ నమిలించి మరల పట్టితే తాగుతారు. నిద్ర పట్టగానే నోట్లోంచి గుడ్డ, రింగు తీసివేసి, వెల్లకిలా పడుకోబెట్టవలె. పచ్చి క్యారట్టు ముక్క, ఎండుఖర్జూరం చేతికిచ్చి నిద్రకు జోగటం మహాప్రమాదం, ముక్క విరిగి గొంతులో అడ్డుపడుతుంది. అంబరు పూసల దండలని ఇప్పుడు పట్నాలనుంచి తెస్తున్నారు, మెడలో వేస్తే నొప్పి లాగుతుందట. అమెరికాలో పద్దెనిమిది నెలల పిల్లవాడు నిద్రలో అటువంటి దండ బిగిసి మరణించగా, 2018లో ప్రభుత్వమే వాటిని కూడదన్నది. అదేవిధంగా మన తాయెత్తు త్రాళ్ళనుకూడ, దేవునిమీద భారం వేసి, రాత్రికి మెడలోంచి తీసి తలుపు గొళ్ళేనికి తగిలించవలెనని మా విన్నపం.

ఇవన్నీ చేసినా బిడ్డ ఊరుకోకపోతే పారసిటమాల్ ఒక్కటే ఉన్నది, అదికూడ డాక్టరు ముందుగా తూకం చూచి వ్రాసి ఇచ్చిన మోతాదులో. సామాన్యంగా ఒక మోతాదుకు కిలో బరువుకు 10నుంచి 15 మిల్లీగ్రాములు. మోతాదుకు మోతాదుకు నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగు మోతాదులు దాటరాదు. ఇక్కడ ఒక గొయ్యి ఉన్నది, చదువుకున్నవారుకూడ పడుతున్నారు. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, సిరప్పులో ఐదు మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉంటుంది. ఏడు కిలోల బిడ్డకు సిరప్పు మూడు నాలుగు మిల్లీలీటర్లు సరిపోతే, చుక్కలమందు ఒక మిల్లీలీటరుకు లోపే. సిరప్పు అనుకొని చుక్కలమందు అంత పోస్తే నాలుగింతలు పోసినట్టు. అది కాలేయానికి చేటు. వంటింటి చెంచా కొలత కాదు, సీసాతో వచ్చిన కొలపాత్రతోనే కొలవవలె. మేము ఇప్పుడు డాక్టరు చెప్పిన అంకె సీసామీద కాగితం అంటించి వ్రాసిపెట్టినాము, కింద ఇచ్చిన వేళకూడ వ్రాస్తాము. లేకపోతే తల్లి ఒకసారి, అమ్మమ్మ ఒకసారి పోస్తారు. ఆస్పిరిన్ పసిపిల్లలకు ఎప్పుడూ వద్దు.

ఇక అన్నిటికంటె భయపడవలసినది నొప్పికి కాదు, "పళ్ళేలే" అన్న మాటకు. ఇంగ్లాండులో 1839లో ఐదువేలకు పైగా మరణాలను పళ్ళు రావటమే కారణమని లెక్కలలో వ్రాసుకున్నారు. పళ్ళు వచ్చి ఎవరు చస్తారు? పళ్ళు వచ్చే వయస్సులోనే పాకుతారు, నేలమీదిది నోట్లో పెట్టుకొంటారు, తల్లినుంచి వచ్చిన రోగనిరోధక శక్తి తగ్గుతుంది. విరేచనాలు, జ్వరాలు ఆ వయస్సుకు సహజంగా వస్తవి, నింద పన్నుమీద పడుతుంది. మన ఎండలలో పసిబిడ్డకు రోజుకు ఆరేడు నీళ్ళ విరేచనాలైతే సాయంత్రానికి కళ్ళు గుంటలు పడుతవి. అప్పుడు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు చెంచాతో పడుతూ, తల్లిపాలు ఆపకుండా ఆసుపత్రికి పోవలె. థర్మామీటరులో 100.4 డిగ్రీలు దాటితే అది పన్నుది కాదు. మూడు నెలలలోపు బిడ్డకు ఆ జ్వరం వస్తే తెల్లవారేదాకకూడ ఆగరాదు. పాలు బొత్తిగా తాగకపోవటం, తాగినదంతా కక్కటం, ఫిట్స్, లేపినా లేవని మత్తు, నిమిషానికి యాభై దాటే ఊపిరి, ఆరు గంటలపాటు మూత్రం లేకపోవటం – వీటిలో ఏది కనిపించినా 108కు ఫోను చేయవలె. చెవి పట్టుకొని లాగుకొంటూ ఏడిస్తే అది చెవిపోటు కావచ్చును. మత్తు పెట్టిన బిడ్డలో ఈ గుర్తులు ఏవీ కనిపించవు. జాజికాయమీద మాకున్న అసలు కోపం అదే.

ఆ రాత్రి రెండు గంటలదాక మా అమ్మ, మా ఇంటావిడ, అమ్మాయి, మేము వంతులు వేసుకొని వాణ్ణి ఎత్తుకొని తిరిగినాము. రెండున్నరకు కరెంటు వచ్చినది, వాడు అంతకు ముందే పడుకున్నాడు. మూడోనాడు ఉదయం మా అమ్మ వెండి గిన్నెలో జావ పెడుతూంటే చెంచా టక్కుమన్నది. కింద ఎడమవైపు బియ్యపుగింజ మొనంత తెల్లగా కనిపించినది. పై పళ్ళు ముందు వస్తే మేనమామకు గండమని ఎవరో చెప్పగా, వారం రోజులుగా లోలోపల బెంగపెట్టుకొన్న మా అబ్బాయి పరుగెత్తుకొని వచ్చి, మేనల్లుడి నోరు తెరచి, కింది చిగురేనని రెండుమార్లు చూచుకొని, మరీ కాలేజీకి పోయినాడు.